ఎక్కనక్కర్లేని అగ్నిపర్వతం

“అగ్నిపర్వతమన్నావు, పైకెక్కాలి గదరా? కిందికి పోతున్నామేంటి?”

కారు ముందు సీట్లోంచి అమ్మ అడిగింది. నిజమే, దిగుతూనే ఉన్నాం. హైవే మీద ఉన్నంతసేపూ చుట్టూ పచ్చిక బయళ్లు, ఆవుల మందలు, బంగాళాదుంప చేలు. మలుపు తిరిగాక నేల ఒక్కసారిగా తెగిపోయి, లోపల ఒక పెద్ద పళ్లెం కనిపించింది. పళ్లెం అంచున రోడ్డు, అడుగున నీళ్లు, నీళ్ల మధ్య దీవిలా గుబురుగా చెట్లున్న గుట్టలు. ఒకే వైపు బళ్లు పోయే సన్నటి తారు రోడ్డు అంచు మీంచి జారుగా అడుగుకి చేరుతుంది. అమ్మకి ఆ క్షణాన సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆలస్యంగానైనా చెప్పాల్సిన జవాబే, ఎందుకంటే ఆమె అడిగిన దాంట్లోనే ఈ చోటు కథంతా ఉంది.

చోటు పేరు టవర్ హిల్. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు నైరుతి కొసన, మెల్‌బోర్న్‌కి పడమరగా దాదాపు 270 కిలోమీటర్లు. వార్నంబూల్ ఊరు దాటాక పావుగంట ప్రయాణం. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి మమ్మల్ని తీసుకొచ్చింది. అమ్మకి డెబ్బయ్యెనిమిది. మోకాళ్లు రెండూ మొరాయించి నాలుగేళ్లుగా చక్రాల కుర్చీలోనే. అందువల్ల మా ఇంట్లో ఏ ఊరి ప్రస్తావన వచ్చినా ముందు వినపడే ప్రశ్న “మెట్లెన్ని?” అనే. మన వైపు ఒక పార్కులో ర్యాంపు చూసి మురిసిపోయి తీరా పైకి తోసుకెళ్తే, ర్యాంపు చివర ఆరంగుళాల గడప కట్టి ఉంది. అప్పట్నుంచీ “ర్యాంపు ఉందండీ” అనే మాట నేను నమ్మను, చివరి దాకా చూసుకుంటాను. మరి అగ్నిపర్వతానికి చక్రాల కుర్చీ తీసుకెళ్దామని మా అమ్మాయి అంటే నవ్వొచ్చింది. నవ్వినందుకు తర్వాత సిగ్గుపడ్డాను.

అగ్నిపర్వతం అనగానే మన కళ్లముందు మెదిలేది బొమ్మల పుస్తకంలోని శంకువులాంటి కొండ. టవర్ హిల్ ఆ జాతి కాదు. దీన్ని భూవిజ్ఞానులు ‘మార్’ అంటారు. జర్మనీలోని ఐఫెల్ ప్రాంతంలో గుండ్రటి చెరువులను అక్కడివాళ్లు పిలుచుకునే మాట అది. మార్ అంటే పైకి లేచిన కొండ కాదు, నేలలోకి తవ్వుకుపోయిన గుంట. తవ్వింది ఎవరంటే నీరు.

ఇక్కడ భౌతికశాస్త్రం కంటే వంటిల్లు బాగా పనికొస్తుంది. పోపులో కరివేపాకు తడితడిగా వేస్తే ఏమవుతుంది? ఆకుకి అంటుకున్న నీటిబొట్టు నూనె కంటే బరువు, కిందికి దిగుతుంది. దిగిన మరుక్షణం ఆవిరై, తన మీదున్న నూనెని చేతి మీదికి చిందిస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే మామూలు వాతావరణంలో సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి. ఆ చోటు ఇవ్వకపోతే తానే చేసుకుంటుంది. ఇప్పుడు నూనె స్థానంలో 1,100 డిగ్రీల సెల్సియస్ దాటిన కరిగిన రాయిని, కరివేపాకు తడి స్థానంలో భూగర్భజలంతో నానిన సున్నపురాతి పొరని ఊహించుకోండి.

ఇంకో మెలిక ఉంది. దోశ పెనం కాలిందో లేదో చూడ్డానికి అమ్మ నాలుగు చుక్కలు చిలకరించేది. పెనం సరిగ్గా కాలితే చుక్క చుయ్యిమని ఆరిపోతుంది. మరీ కాలిపోతే మాత్రం ఆరకుండా ముత్యంలా దొర్లుతుంది. చుక్క కింద సన్నటి ఆవిరి పొర ఏర్పడి, వేడి తగలకుండా దాన్ని మోస్తుందన్నమాట. శిలాద్రవానికి నీరు తగిలినప్పుడు కూడా మొదట రెంటి మధ్యా అలాంటి ఆవిరి తెరే ఏర్పడుతుంది. ఏ కుదుపుకో ఆ తెర చిరిగితే నీరు నేరుగా ద్రవం మీద పడుతుంది. ద్రవం ఛిన్నాభిన్నమై రవ్వరవ్వగా విడిపోతుంది. రవ్వలయ్యేసరికి వేడి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరిగి, మరింత నీరు మరింత వేగంగా ఆవిరవుతుంది. ఇదంతా రెప్పపాటు కంటే తక్కువ వ్యవధిలో, మళ్లీ మళ్లీ. ప్రతి పేలుడూ నేలని కొంత తవ్వుతుంది.

టవర్ హిల్ అడుగున ఉన్నది పోర్ట్ క్యాంప్‌బెల్ సున్నపురాయి. ముందురోజు సముద్రపు ఒడ్డున మేం చూసొచ్చిన ‘పన్నెండుమంది అపోస్తలులు’ అనే రాతిస్తంభాలు కూడా ఆ రాయే. సందులనిండా నీరు పట్టుకునే రాయి. కింది నుంచి బసాల్టు ద్రవం దాంట్లోకి చొచ్చుకొచ్చింది. పేలుళ్లకి ఎగిరిన బూడిద, నుజ్జయిన సున్నపురాతి ముక్కలు చుట్టూ వలయంలా పడ్డాయి. రోడ్డు దిగేటప్పుడు పక్కన కోసిన గట్టులో ఆ వలయం కడుపు కనిపిస్తుంది. బూడిదరంగు, గోధుమరంగు పొరలు, వేలిమందం ఒకటి, కాగితమంత ఒకటి. “పూతరేకుల్లా ఉందిరా” అంది అమ్మ. ఆత్రేయపురం దగ్గర పుట్టిన మనిషికి ఇంకేం గుర్తొస్తుంది! పొరలు పూర్తిగా బల్లపరుపుగా లేవు, ఇసుక మేటల్లా కాస్త అలలు తిరిగి ఉన్నాయి. అవి నేలబారు బూడిద మేఘాల జాడలు. 1946లో బికినీ దీవుల దగ్గర అమెరికా నీటిలోపల అణుబాంబు పేల్చినప్పుడు, పైకి లేచిన నీటిస్తంభం మొదట్లోంచి ఒక మేఘం వలయంలా నీటి మీద పాకుతూ నలువైపులా దూసుకుపోయింది. ఫిలిప్పీన్స్‌లో తాల్ అగ్నిపర్వతం 1965లో పేలినప్పుడు అచ్చం అదే కనిపించింది. ఆ తర్వాతే ఇలాంటి పొరలు ఎలా వచ్చాయో భూవిజ్ఞానులకి తెలిసొచ్చింది. బాంబు నేర్పిన పాఠం.

మరి మధ్యలో గుట్టలెక్కడివి? నీరు అయిపోయింది. అంతే. చేరువలోని తడి ఆవిరైపోయాక, లేదా పైకొచ్చే దారి గట్టిపడి నీటిని రానివ్వకుండా ఆపేశాక, అదే ద్రవం విస్ఫోటాలు మాని మతాబులా, చిచ్చుబుడ్డిలా ఎగజిమ్మింది. బుడగలతో నిండిన నల్లటి, ఎర్రటి రాతిముక్కలు చుట్టూ పడి కుప్పలయ్యాయి. ఈ బొరియల రాయి పేరు స్కోరియా. అంటే టవర్ హిల్ లోపల రెండు అగ్నిపర్వతాలున్నాయి, తడిది ఒకటి, పొడిది ఒకటి. ఒకదాని ఒళ్లో ఒకటి.

బసాల్టు అమ్మకి కొత్తకాదు. కొవ్వూరులో కాపురమున్నన్నాళ్లూ పంగిడి క్వారీల నుంచి నల్లకంకర లారీలు ఇంటి ముందు నుంచే పోయేవి. ఆ కంకర సుమారు 6.6 కోట్ల ఏళ్లనాటి లావా. పశ్చిమ కనుమల వైపు పుట్టి, నదీలోయలు పట్టుకుని దాదాపు 1,000 కిలోమీటర్లు పారి గోదావరి గట్టుకి చేరిందని శాస్త్రజ్ఞుల లెక్క. రాయి జాతి ఒకటే. అక్కడ నిమ్మళంగా పారి పలకలు పరిచింది, ఇక్కడ నీటితో తగువు పెట్టుకుని గుంట తవ్వింది.

ఇప్పుడు చక్రాల సంగతి. స్కోరియా గుట్ట వాలు ఎంతుండాలో ముందే నిర్ణయమైపోయింది. కళ్లంలో ధాన్యం రాశి పోస్తే ఎంత పోసినా అది ఒక కోణం దగ్గరే ఆగుతుంది. ఇంకా నిట్టనిలువుగా పోద్దామంటే గింజలు జారిపోతాయి. రాతిముక్కలకైతే ఆ కోణం సుమారు 30 డిగ్రీలు. పొడి అగ్నిపర్వతాల కొండలు ప్రపంచంలో ఎక్కడ చూసినా ఒకే పోలికతో ఉండటానికి ఇదే కారణం. అమ్మ, కుర్చీ కలిపి 75 కిలోలు. 30 డిగ్రీల వాలు మీద ఆ బరువులో సరిగ్గా సగం, అంటే 37 కిలోల పైచిలుకు, వెనక్కి లాగుతుంటుంది. ఆస్ట్రేలియా ప్రమాణాల ప్రకారం ర్యాంపు వాలు పద్నాలుగు అడుగులకు ఒక అడుగు మించకూడదు. దాని మీద లాగే బరువు ఐదున్నర కిలోలు కూడా ఉండదు. మన దేశంలో పన్నెండుకి ఒకటి అంటాం, అప్పుడు ఆరుంపావు. అంకెలు చిన్నవిగానే కనిపిస్తాయి, తోసేవాడి నడుముని అడిగితే తెలుస్తుంది.

మార్ వలయం కథ వేరు. బూడిద నేలబారుగా దూరదూరాలకి పరుచుకుంటుంది గనుక వలయం బయటి వాలు మెల్లగా ఉంటుంది. గుంట అడుగు పేలుడికి తెగి, ఆపైన చెరువు మట్టి పేరుకుని, బల్లపరుపుగా తేలుతుంది. మూడు కిలోమీటర్ల పైబడి వెడల్పున్న ఈ పళ్లెంలోకి తారు రోడ్డు వేయడానికి కొండని తొలవాల్సిన పని అంతగా లేకపోయింది. అమ్మా, నీ ప్రశ్నకి జవాబు ఇదే. నీటికీ నిప్పుకీ గొడవ జరిగిన చోట నేల పైకి లేవదు, లోపలికి పోతుంది. అందుకే నువ్వు ఒక అగ్నిపర్వతం నడిబొడ్డుకి కారు దిగకుండా వచ్చేశావు.

దిగాక మాత్రం నేల మళ్లీ పరీక్ష పెట్టింది. సందర్శకుల కేంద్రం ముందు, కార్లు ఆపేచోట, వనభోజనాల పచ్చికలో కుర్చీ సాఫీగా పోయింది. అక్కణ్నుంచి చెట్లలోకి పోయే బాటలు అన్నీ ఒక్కలా లేవు. ఒకచోట గులకలాంటి స్కోరియా పరిచి ఉంది. ముందు చక్రాలు రెండూ అందులో కూరుకుపోయి కుర్చీ గుర్రంలా మొండికేసింది. కుర్చీ వెనక చక్రం రెండడుగుల ఎత్తు, ముందుది జానెడు కూడా లేదు. చక్రం చిన్నదైన కొద్దీ చిన్న గులకరాయి కూడా దానికి గడపే. మన ఎద్దుబండికి అంతేసి చక్రాలు ఊరికే పెట్టలేదు, నల్లరేగడిలో దిగబడకుండా పెట్టారు. కుర్చీ వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుండేలా లాక్కుంటూ పోయాను. ఏ మెత్తటి నేల మీదైనా పనికొచ్చే కిటుకు ఇది. రెండు చేతులూ ఖాళీ ఉన్న మనిషి వెంట ఉండాలి, అదే చిక్కు.

దీనికో యంత్రం కూడా ఉంది. కెనడాలోని వాంకూవర్‌లో, మెడ విరిగి కాళ్లూచేతులూ పట్టు తప్పినా ఆ నగరానికి మేయరైన శామ్ సల్లివన్, ఒక ఇంజనీరు సాయంతో ట్రెయిల్‌రైడర్ అనే బండిని తయారుచేయించారు. కింద ఒకే ఒక లావుపాటి చక్రం, ముందొకరు, వెనకొకరు పట్టుకునే కాడలు. మన మన్యంలో రోగుల్ని మోసుకొచ్చే డోలీకి చక్రం తగిలిస్తే అలాగే ఉంటుంది. విక్టోరియా పార్కుల శాఖ తన అధీనంలోని కొన్ని అడవుల్లో వీటిని సందర్శకులకి ఇస్తోంది. మేం ముందుగా అడిగి పెట్టుకోలేదు, తప్పు మాదే.

గుట్ట మీదికి పోయే నిట్టనిలువు దారి మా అమ్మాయి వంతయింది. “నాన్నమ్మా, పైనుంచి వీడియో తీసుకొస్తా” అని పరిగెత్తింది. మేం పచ్చికలో చెట్టునీడన ఆగాం. గాలికి ఆ చెట్టు సన్నగా ఈల వేస్తోంది. తలెత్తి చూస్తే సూదుల్లాంటి ఆకులు, మన కోస్తా తీరంలోని సరుగుడు తోటల్లో వినపడే హోరే. ఇది సరుగుడికి దగ్గరి చుట్టం, ఆస్ట్రేలియా సొంత చెట్టు. పక్కనే మనం జామాయిల్ అని పిలుచుకునే కుటుంబంలోని మానులు, తెల్లటి బెరడుతో, వాటి కొమ్మల సందుల్లో నిద్రపోతున్న కోలాలు. మన ఊళ్లలో కాగితపు మిల్లుల కోసం వరసల్లో నాటిన చెట్టునే చూశాం గానీ, అది తన పుట్టింట్లో ఎలా ఉంటుందో నేను చూడ్డం అదే మొదటిసారి.

అంతలో ఒక ఈము వచ్చి నిలబడింది. కుర్చీలో కూర్చున్న మనిషి ఎత్తూ దాని కళ్ల ఎత్తూ ఇంచుమించు ఒకటి, నిలబడ్డ నాకంటే అమ్మనే దగ్గరగా చూసింది. అమ్మ బెదరలేదు. “ఇవేగా, పక్కవీధి వాళ్లు అప్పుచేసి పెంచి మునిగిపోయారు?” అంది. తెలుగు రాష్ట్రాల్లో ఈము నూనె, మాంసం అంటూ వెర్రి పట్టి, 2012 ప్రాంతంలో కుప్పకూలిన ఆ వ్యాపారం చాలా ఇళ్లలో ఇంకా చేదు జ్ఞాపకమే. గుడ్లు పొదిగేది మగ ఈము అనీ, ఎనిమిది వారాలపాటు దాదాపు తిండీ నీళ్లూ మాని వాటి మీద కూర్చుంటుందనీ చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు గానీ మా నాన్నని తల్చుకుని నవ్విందని నాకు తెలుసు.

ఇంత అడవి చూస్తుంటే ఇది ఆదినుంచీ ఇలాగే ఉందనిపిస్తుంది. కాదు. ఈ చెట్లన్నీ నాటినవే. నాటింది ఒక బొమ్మని చూసి.

1855లో యూజీన్ వాన్ గెరార్డ్ అనే ఆస్ట్రియా చిత్రకారుడు ఈ అంచు మీద నిలబడి టవర్ హిల్‌ని తైలవర్ణాల్లో గీశాడు. గీయించింది జేమ్స్ డాసన్ అనే ఇక్కడి రైతు. ఆదివాసుల భాషలనీ ఆచారాలనీ శ్రద్ధగా రాసిపెట్టిన మనిషి. వాన్ గెరార్డ్‌కి ఆకు ఆకునీ గీసే పిచ్చి. చెట్టుని చెట్టులా కాకుండా ఫలానా జాతి చెట్టుగా గీసేవాడు. ఆయన అటు వెళ్లగానే ఇటు గొడ్డలి పడింది. వలసదార్లు చెట్లు నరికారు, పశువుల్ని తోలారు, గుట్టల్ని తవ్వి రోడ్లకి స్కోరియా పట్టుకుపోయారు. 1892లో దీన్ని విక్టోరియాలో మొట్టమొదటి జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. ప్రకటన కాగితం మీదే ఉండిపోయింది, బోడితనం నేల మీద. అర్ధశతాబ్దం దాటాక తీసిన ఫొటోల్లో చూస్తే గుట్టలు గుండు గీయించుకున్నట్టుంటాయి.

1961లో ప్రభుత్వం మళ్లీ దీన్ని వన్యప్రాణుల రక్షిత ప్రాంతంగా తన చేతిలోకి తీసుకుంది. అడవి పెంచుదామంటే, ఏ అడవి? ఇక్కడ ఏ చెట్లుండేవో చెప్పడానికి ఒక్క మానూ మిగల్లేదు. అప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు బొమ్మ ముందు కూర్చున్నారు. ఈ గుట్ట వాలు మీద సరుగుడు, ఆ నీటి అంచున ఫలానా జామాయిల్, ఇక్కడ తుంగ, అక్కడ ఫెర్న్ అంటూ జాబితా రాసుకున్నారు. బడిపిల్లలూ స్వచ్ఛంద కార్యకర్తలూ ఏళ్ల తరబడి వచ్చి సుమారు 3 లక్షల మొక్కలు నాటారు. చెట్లు రాగానే జంతువులన్నీ వాటంతటవే రాలేదు, కొన్నిటిని మనుషులే తెచ్చి వదలాల్సొచ్చింది. మమ్మల్ని పలకరించిన ఈము వాళ్ల ముత్తాతలూ అలా వచ్చినవాళ్లే. ఆ బొమ్మ ఇప్పుడు వార్నంబూల్ చిత్రశాలలో ఉంది. అడవికి అసలు ప్రతి అన్నమాట. చిత్రకారుడి చాదస్తం వందేళ్లకి ఇలా అక్కరకొస్తుందని డాసన్‌ కూడా ఊహించి ఉండడు. ఒక్క సంగతి మాత్రం మర్చిపోకూడదు. బొమ్మలో ఉన్నది 1855 నాటి అడవి, అంతకుముందు వేల ఏళ్లు ఇక్కడి జనం నిప్పు పెట్టి, దుంపలు తవ్వి, వేటాడి మలిచిన అడవి. మనిషి చెయ్యి పడని ‘అసలు’ ప్రకృతి ఆ బొమ్మలోనూ లేదు.

ఆ జనం ఎప్పట్నుంచి ఉన్నారన్న దానికి ఈ బూడిదే సాక్ష్యం. 1940ల్లో వార్నంబూల్ దగ్గర్లో ఒక రాతిగొడ్డలి దొరికింది, అదీ టవర్ హిల్ బూడిద పొర కింద. అంటే పేలుడుకి ముందే ఎవరో ఇక్కడ తిరిగారు. పేలుడు వయసు తేలితే మనిషి వయసూ తేలుతుంది. తేల్చడం మాత్రం తేలిక కాలేదు. రాతిలోని పొటాషియం-40 అనే రకం చాలా నెమ్మదిగా తరుగుతుంది. సగమవడానికి 125 కోట్ల ఏళ్లు. తరిగిన దాంట్లో పదో వంతే ఆర్గాన్ వాయువుగా రాతిలో చిక్కుకుంటుంది. ఇంత చిన్న వయసు రాతిలో లెక్క వేస్తే, పది లక్షల పొటాషియం-40 అణువులకి రెండో మూడో ఆర్గాన్ అణువులు! గాలిలోంచి దూరిన ఆర్గాన్ నుంచి వాటిని విడదీసి లెక్కపెట్టాలి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిన్ మ్యాచన్ బృందం 2020లో ఆ లెక్క ప్రకటించింది. టవర్ హిల్ వయసు సుమారు 36,800 ఏళ్లు, అటో ఇటో 3,800. వాయవ్యంగా ఉన్న బుజ్ బిమ్ అనే మరో అగ్నిపర్వతానికీ దాదాపు అదే వయసు తేలింది. ఒక మహాకాయుడు నేల మీద ఒరిగి కొండయ్యాడనీ, లావారాళ్లు అతని పళ్లనీ గుండిచ్‌మరా ప్రజలు తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. కళ్లారా చూసిన విస్ఫోటనమే ఆ కథ అయిందేమోనని శాస్త్రజ్ఞులు ఆచితూచి అన్నారు. నాకు మాత్రం ఆచితూచే ఓపిక లేదు, నమ్మాలనే ఉంది.

ఇంకో తమాషా. ఈ ప్రాంతపు ఆదివాసులు తమను తాము ‘మార్’ అని పిలుచుకుంటారు, వాళ్ల మాటలో మనుషులు అని అర్థం. జర్మన్ ‘మార్’కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అయినా మార్‌లో మార్ ప్రజలు! శ్లేషకవులకి దొరికితే వదిలేవారా?

మా అమ్మాయి వగరుస్తూ దిగొచ్చింది. ఫోన్లో చూపించింది: గుట్ట కొసన గాలి హోరు, ఒకవైపు పళ్లెం అంచు మొత్తం గీత గీసినట్టు, దాని అవతల సముద్రం. మరోవైపు అడుగున ఎక్కడో చుక్కంత మా కారు, పక్కన ఇంకో చుక్క. “అది నువ్వే నాన్నమ్మా” అంది. అమ్మ వీడియో రెండుసార్లు చూసి, “మరి గుంత ఎక్కడుంది? నిప్పు వచ్చిన బొక్క?” అని అడిగింది. పైకెక్కినదానికి ఆ ప్రశ్న తట్టలేదు. ఒక్క బొక్క కాదనీ, నిప్పు చోటు మారుస్తూ గుట్టగుట్టకీ ఒకటి చొప్పున తెరుచుకుందనీ, మనం కూర్చున్న పచ్చిక కూడా పెద్ద గుంతలో భాగమేననీ చెప్పాను. అమ్మ చుట్టూ చూసి, పైట సర్దుకుని కూర్చుంది.

బయల్దేరేటప్పుడు కుర్చీ మడవబోతే ముందు చక్రం తిరగలేదు. ఇరుసు సందులో నల్లటి స్కోరియా పలుకు ఇరుక్కుంది. ఇక్కడి రాయి ఒక్కటి కూడా బయటికి పట్టుకుపోకూడదని మా అమ్మాయి ముందే హెచ్చరించింది. అమ్మ చీరకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. పలుకుని గీకి బాట పక్కన పడేసేసరికి పది నిమిషాలు పట్టింది. ఈము దూరం నుంచి చూస్తూనే ఉంది.